పట్టుపురుగుల తట్టల్లో టీ ఆకు

చింతామణి,
జూన్ 9

చిన్నమ్మా,

ఫోన్ పెట్టేశావు. "నువ్వు అరుస్తావే పాపా, కాగితం మీద రాయి, కాగితం అరవదు" అన్నావు. సరే, రాస్తున్నా. నేను కన్నడ బడిలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు చిలమత్తూరు బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నా. నీకు చదవను వచ్చింది తెలుగు ఒక్కటే కాబట్టి తప్పులుంటే సర్దుకో.

ఒక్క మాట అడుగుతా. నీ ఎకరా టీ తోట ఆ కోయంబత్తూరు వాడికి ఎందుకు ఇస్తానంటున్నావు? వాడు అక్కడ రిసార్టు కడతాడు. మొక్కలు పీకి నీళ్ల తొట్టి కడతాడు. దాంట్లో ఎవరెవరో వచ్చి ఈదుతారు. ముప్పై ఏళ్ల కిందట మునికృష్ణ చిన్నాయన కంపలు కొట్టి, రాళ్లు ఏరి, నాటిన మొక్కలవి. ఆయన పోయి రెండేళ్లు కూడా కాలేదు.

"ఆకుకి రేటు లేదు" అన్నావు. ఎందుకు లేదో నాకు తెలుసు. నేను పనిచేసే గోడౌన్‌లో మీ కొండ మీది టీ పొడి మూటలు రోజూ విప్పేది నేనే. ఇక్కడ దాన్ని రంగు రంగుల ప్యాకెట్లలో నింపుతాం. నువ్వు కిలో ఆకు అమ్మితే వచ్చే డబ్బుతో బాగేపల్లి బస్టాండులో రెండు టీలు తాగలేవు. మరి మధ్యలో తాగుతున్నదెవరు?

రెండు నెలలుగా అన్నం తినే గంటలో ఫోన్‌లో ఇదే చదువుతున్నా. కూనూరులో టీ బోర్డు ఆఫీసు ఉంది. పాతిక ఎకరాల లోపు ఉన్నవాళ్లకు చిన్న రైతు అని గుర్తింపు కార్డు ఇస్తారు. కార్డు ఉన్నవాళ్లు కలిసి సంఘం పెట్టుకుంటే తూకం యంత్రానికి, ఆకు ఉంచే షెడ్డుకి సాయం అడగొచ్చు. ఫ్యాక్టరీ మొహం చూడకుండా చేత్తో టీ చేసి అమ్ముకునే ఆడవాళ్లు కూడా ఉన్నారు. నీకు కార్డు ఉందా? లేదు. పట్టా ఇంకా చిన్నాయన పేరు మీదే ఉంది, చనిపోయిన మనిషికి కార్డు ఇవ్వరు. తోట అమ్మాలన్నా పట్టా మార్చాల్సిందే కదా. అదేదో ఉంచుకోవడానికి మార్పించు.

దీపావళి దాకా ఎవరికీ మాట ఇవ్వవద్దు. నేను అడిగేది ఇంతే.

రక్షిత


కోటగిరి దగ్గర, మేల్‌కాడు,
జూన్ 21

రక్షితకు చిన్నమ్మ రాసేది. ఇక్కడ నేను, రెండు మేకలు, మంచు, అందరం బాగున్నాం. అక్కడ మా అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయో రాయలేదు నువ్వు. కోపంలో ఉన్నదానికి అవ్వ గుర్తురాదు.

కాగితం అరవదనుకున్నా. నీ కాగితం అరుస్తాది.

నీ ఉత్తరం పక్కతోట సెల్వికి చదివి అరవంలో చెప్పా. "మీ పాప కలెక్టరా?" అంది. "కాదు, టీ పొడి నింపుతాది" అన్నా. "అయితే కలెక్టరు కంటే మేలే, ఆయనకు మన ఆకు గురించి తెలీదు" అంది.

నువ్వు రాసినవన్నీ నిజమే అయ్యుండొచ్చు. ఇక్కడ జరిగేది కూడా విను. పొద్దున ఏడింటికి తోటలో దిగుతాం. రెండాకులూ ఒక మొగ్గ తెంపమంటారు. అట్లా తెంపితే సాయంత్రానికి బుట్ట అడుగు కూడా నిండదు, అందుకని నాలుగాకులు తెంపుతాం. అప్పుడు ముదురాకు అని రేటు కోస్తారు. లేతాకు ఇచ్చినా ముదురాకు రేటే, ఎందుకంటే అందరిదీ ఒకే లారీలో పడుతుంది. లారీ వచ్చేదాకా ఆకు సంచిలో ఉడికిపోతాది. తూకం దగ్గర తడి అని ఇంత తీసేస్తారు. నెల రోజులు వాన పడకపోయినా తడే.

మీ చిన్నాయన ఉన్నప్పుడు పోట్లాడేవాడు. ఇప్పుడు నేనొక్కదాన్ని. నాకు బిడ్డలు లేరని నువ్వు నా మీద ఇంత పెత్తనం చేస్తున్నావు, చెయ్యి, కాదనను. ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

మాట గురించి రాశావు. దాని సంగతి తర్వాత రాస్తా.

హనుమక్క


చింతామణి,
జూలై 2

చిన్నమ్మా,

తర్వాత అంటే ఎప్పుడు? ఏం సంగతి? సరే, అది పక్కన పెట్టు. నాకు పని చూపించే మనుషులంటే ఇష్టం, కాబట్టి నీకు పని చెబుతున్నా.

ఒకటి, పట్టా. చిన్నాయన మరణ పత్రం, వారసుల పత్రం పట్టుకుని ఊరి అధికారి దగ్గరికి పో. ఇవాళ కాదు రేపంటే అక్కడే కూర్చో. మేకల్ని కూడా తీసుకుపో.

రెండోది అసలుది. రెండాకులూ మొగ్గ, అంతకంటే ఒక్క ఆకు కూడా ఎక్కువ కాకుండా తెంపి, మీరే టీ చెయ్యండి. నేను చదివింది ఇది: ఆకును వాడనివ్వాలి. అరచేతుల్లో గట్టిగా నలపాలి. తడిగుడ్డ కప్పి ఎర్రబడేదాకా ఉంచాలి. తర్వాత ఆరబెట్టాలి. ఎండ బాగా కాసే రోజు చూసుకుని చెయ్యండి. అరకిలో అయినా చాలు, పంపు. ఇక్కడ హోటళ్లలో నేను చూపిస్తా. లారీ లేదు, తూకం లేదు, మధ్యలో ఎవడూ లేడు. మీ చెయ్యి, నా నోరు.

అవ్వ మోకాళ్లు బాగున్నాయి. నన్ను తన్నను వచ్చేంత బాగున్నాయి.

రక్షిత


మేల్‌కాడు,
జూలై 24

రక్షితకు,

పార్శిల్ ఈ ఉత్తరంతోనే వేస్తున్నా. నేను, సెల్వి, ఇంకో ఇద్దరు కలిసి చేశాం. నలిపింది ఎక్కువగా సెల్వియే. నా కుడిచెయ్యి ఈ మధ్య కొంచెం మొండికేస్తోంది, పెద్దగా ఏం లేదు.

మూడు రోజులు మంచి ఎండ కాసింది. మా తోట పైన ఒక పరుపుబండ ఉంది. మన ఊళ్లో శనక్కాయలు ఆరబోసినట్టు ఆకు మొత్తం దాని మీద పరిచి, కాకులు రాకుండా కాపలా కూర్చున్నా. సెల్వి ఒకసారి "అక్కా, ఇంత ఎండా?" అంది. "మా సీమలో ఎండలో వెయ్యనిదే ఏ పంటా ఇంటికి రాదు, నువ్వు ఊరుకో" అన్నా. చింతపండు, రాగులు, మిరపకాయలు, ఏదైనా సరే ఎండ చూస్తేనే కదా మనకు ధైర్యం.

పట్టాకి అర్జీ పెట్టా. మేకల్ని తీసుకుపోలేదు. నువ్వు రాసినట్టే అక్కడ కూర్చున్నా. మూడో రోజు కుర్చీ వేశారు, నాలుగో రోజు రశీదు ఇచ్చారు.

టీ ఎట్లుందో ఉన్నదున్నట్టు రాయి. నువ్వు వేరే రకంగా రాయలేవు కూడా.

హనుమక్క


పరగోడు,
ఆగస్టు 6, మంగళవారం

చిన్నమ్మా,

ఉన్నదున్నట్టు రాస్తున్నా. బాగాలేదు.

బాగేపల్లి బస్టాండు పక్కన మంజునాథన్న హోటల్‌కి పట్టుకుపోయా. "అన్నా, మా చిన్నమ్మ చేసిన టీ" అన్నా.

"యాడుండాది మీ చిన్నమ్మ?"

"కోటగిరిలో. సొంత తోట."

"అట్లయితే చూస్తాం రా" అని పాలల్లో వేసి, తన పొడిని మరిగించినట్టే పది నిమిషాలు మరిగించాడు. ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, మళ్లీ నా మొహంలోకి చూశాడు.

"ఏం పాపా, ఇది టీనా, కుడితా?"

బల్ల మీద బయ్యప్ప తాత కూర్చుని ఉన్నాడు. నీకు తెలుసు, గుడిబండె సంతకు ఎద్దులు తోలుకుపోయే ఆయన. "నాకియ్యప్పా, మా ఎద్దుకు పోస్తా. అది అబద్ధం చెప్పదు" అన్నాడు. హోటలంతా నవ్వింది. నేను ఆ గ్లాసు లాక్కుని మొత్తం తాగేశా. తాగాక తెలిసింది, కుడితే.

మిగిలిన ఆకు అవ్వ ముందు విసిరేశా. అవ్వ ఒక చిటికెడు అరచేతిలో నలిపి వాసన చూసింది.

"దీన్ని ఎండలో వేసినారా?"

"మరి యాడ వెయ్యాల?"

"నీ చిన్నమ్మకు మతి పోయిందా, నీకు పోయిందా? ఇరవై ఏండ్లు పట్టుపురుగు మేపిన ఇల్లు ఇది. పురుగుకేసే రేషమాకును ఏపొద్దన్నా ఎండలో పెట్టినామా? ఆకు కోసినాక కూడా ఊపిరి తీస్తాంటాది. ఎండలో వేస్తే చస్తాది. నీడలో గాలి తగిలేట్లు తట్టలో పలచగా వేస్తే మెల్లిగా నిద్రపోతాది. మీరు చచ్చినాకును నలిపినారు. దాంట్లో రుచి యాడుంటాది?"

నేను మళ్లీ ఫోన్ తీసి చదివా. అవ్వ చెప్పిందే రాసి ఉంది. నీడలో, గాలిలో, పలచగా. నేనే దాన్ని దాటేసి ఎండ చూసుకో అని నీకు రాశా. తప్పు నాది, నీది కాదు. వాన కోసం ఏడ్చే ఊళ్లో పుట్టినందుకు ఎండే మనకు చుట్టం అయిపోయింది.

మన పురుగుల మనె, ఆ పాత మేపుడు గది, తెరిచా. ఊజి ఈగ వచ్చి పురుగుల్ని చంపేస్తుంటే మేపడం మానేశాం కదా, అప్పటి నుంచి తట్టలన్నీ అటక మీదే ఉన్నాయి. పన్నెండు వెదురు తట్టలు బాగున్నాయి. సబ్బు పెట్టి కడిగి ఎండలో వేశా. వీటిని వెయ్యొచ్చంట, అవ్వను అడిగా. రేపు బెంగళూరు బస్సు మీద వేయిస్తున్నా, అక్కడి నుంచి మెట్టుపాళయం బస్సుకు మారుస్తారు.

నాలుగో జ్వరం దాటి చర్మం విడిచిన పురుగుకు నీకు ఎంత మెత్తని ఆకు వెయ్యాలో చేత్తో ముడితే తెలిసేదంట. అవ్వ చెప్పింది. "దాని చెయ్యి పెట్టిన ఆకును పురుగు వదిలేది కాదు" అంది. ఆ చేతిని ఇప్పుడు పనిలో పెట్టు.

రక్షిత


మేల్‌కాడు,
ఆగస్టు 20

రక్షితకు,

తట్టలు వచ్చాయి. ఒకదాని అంచు విరిగింది, కట్టుకున్నా. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుంటే మన పురుగుల మనె వాసన ఇంకా ఉంది. సెల్వి చూస్తుందని లోపలికి పోయి కాసేపు కూర్చున్నా.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆగస్టు ఆరు మంగళవారం. నీ గోడౌన్‌కు సెలవు శుక్రవారం. మంగళవారం పూట పరగోడులో ఏం చేస్తున్నావు? పని పోయిందా?

నువ్వు దాచావని తిట్టే మొహం నాకు లేదు. నేను అంతకంటే పెద్దది దాచాను. రాస్తున్నా.

నువ్వు జూన్‌లో దీపావళి దాకా మాట ఇవ్వవద్దన్నావు. అప్పటికే ఇచ్చేశాను. మేలో ఆ కోయంబత్తూరు ఆయన మేనేజరు అమరనాథ్ వచ్చి తట్టలో ఆకూ వక్కా, నిమ్మకాయ పెట్టి ఇచ్చాడు. రెండు చేతులా తాంబూలం తీసుకున్నాను. కాగితం లేదు, సంతకం లేదు. అయితే మన ఇంట్లో ఆకూ వక్కా తీసుకున్నాక వెనక్కి పోయిన వాళ్లు లేరు. మా నాన్న పట్టుగూళ్లు ఇస్తానని గౌరిబిదనూరు వాళ్లకు ఇచ్చిన తాంబూలం మాట కోసం రెట్టింపు ధర ఇస్తామన్న వాళ్లను వాకిట్లోంచే పంపేశాడు. ఆ ఇంటి బిడ్డను నేను.

ఎందుకు తీసుకున్నానంటే, నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఏడాదైంది. బుట్ట తగిలించుకోలేను. పొద్దున జడ వేసేది సెల్వి. ఆకు తెంపలేని దానికి తోట ఎందుకు?

సంఘం, కార్డు, షెడ్డు అని నువ్వు రాస్తూ ఉంటే ఆశ పుడుతోంది, అంతలోనే ఇచ్చిన మాట గుర్తొస్తోంది. ఇంక రాయకు అని చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టా. చివరికి వచ్చేసరికి చెప్పబుద్ధి కావడం లేదు.

హనుమక్క


బాగేపల్లి,
ఆగస్టు 29

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివి బకెట్ తన్నా. బొటనవేలు వాచింది.

నా సంగతి ముందు. అవును, పని పోయింది. జూలై ఆఖరున. గోడౌన్ ఓనరు పాత పొడికి రంగు కలపమన్నాడు. కలపనన్నా. "నువ్వు తాగేది కాదు కదమ్మా, నీకేం పోయింది?" అన్నాడు. "మా అవ్వ తాగుతాది" అన్నా. గొంతు పెంచా, నీకు తెలిసిందే. గేటు దాకా అరుచుకుంటూనే వచ్చా. ఇప్పుడు ఇక్కడ గార్మెంట్స్‌లో చేరా, కాలర్లు కుడుతున్నా. నీకు ఎందుకు చెప్పలేదంటే, పని పోయినదాని మాట విని నువ్వు తోట ఉంచుకుంటావా అని భయపడ్డా. అంతే.

ఇప్పుడు నీది. మాట తప్పడం తప్పే. నేను తప్పు కాదని చెప్పను. అయితే నువ్వు ఆ తాంబూలం తీసుకున్నది నీకు ఇంకో దారి లేదనుకుని. దారి లేదని నీకు చెప్పినవాళ్లు, నీ లేతాకును ముదురాకు రేటుకి తీసుకున్నవాళ్లే. వాళ్లు రోజూ తూకంలో మాట తప్పుతున్నారు. వాళ్లకు ఏ మాటా గుర్తురాదు. ఊళ్లో మాటలన్నీ మనమే నిలబెట్టాలా?

అయినా నీ మాట నీది. ఉంచుకుంటావో, తిరిగి ఇస్తావో నువ్వే తేల్చుకో. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆకు తెంపడానికి భుజం కావాలి. తట్టలో ఆకు వాడిందో లేదో చూడడానికి వేళ్లు చాలు. నీ వేళ్లకేం కాలేదు కదా? టీ చేసిన మీ నలుగురిలో భుజాలున్నవాళ్లు ముగ్గురు ఉన్నారు. ఆకు చెయ్యి తెలిసినది నువ్వొక్కదానివే. వాళ్లు నీ తోటలో తెంపాలి, నువ్వు నలుగురి ఆకూ చూడాలి. పరగోడులో కరువు ఏట ముయ్యాళ్లు కలిసే కదా శనక్కాయ పీకింది. నీది ఇవాళ, నాది రేపు అని.

తాంబూలం తిరిగి ఇవ్వాలనుకుంటే రాయి. నేను సెలవు పెట్టి వస్తా. నీ పక్కన నిలబడతా. అరవను. ప్రయత్నిస్తా.

రక్షిత


మేల్‌కాడు,
సెప్టెంబరు 30

రక్షితకు,

నువ్వు రానవసరం లేకుండా నేనే పోయి వచ్చా. నువ్వు వస్తే అరుస్తావు. అది అరిచే పని కాదు.

కొత్త తమలపాకులు, వక్కలు, నిమ్మకాయ కొని, స్టీలు తట్టలో పెట్టుకుని కోటగిరిలో వాళ్ల ఆఫీసుకు పోయా. అమరనాథ్ బెంగళూరు వైపు మనిషి, కన్నడ బాగా వస్తుంది. తట్ట చూసి, ఇంట్లో ఏదైనా శుభకార్యమేమో, పిలవడానికి వచ్చాననుకుని లేచి నిలబడ్డాడు. చెప్పా.

"అమ్మా, మీరు సంతకం పెట్టినారా?"

"లేదు."

"మరి దీనికోసం బస్సెక్కి వస్తారా? ఒక ఫోన్ చేసి వద్దంటే అయిపోయేది కదా."

"చేత్తో తీసుకున్నా. చేత్తోనే ఇయ్యాల."

చెడ్డవాడు కాదు. "రేపు చెయ్యి లేవని రోజు వస్తాది. ఆ రోజు మీరే మమ్మల్ని వెతుక్కుంటా వస్తారు, అప్పుడు ఇంత ధర ఉండదు" అన్నాడు.

"ఆ రోజు వచ్చేసి ఏడాదైంది సామీ" అని ఎడమచేత్తో తట్ట ముందుకు పెట్టా. కుడిచెయ్యి కింద ఆనించా, అంతవరకే లేస్తాది. తీసుకున్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నా. మా నాన్న ఉంటే నా మొహం చూడడు. అది నాతోనే ఉంటుంది, పోదు. ఉండనీ. తోట కూడా ఉంది.

పని సంగతి. నువ్వు చెప్పినట్టు ముయ్యాళ్లు పెట్టుకున్నాం. సోమవారం నా తోట, మంగళవారం సెల్విది, అట్లా. సాయంత్రం ఆకంతా మా ఇంటికి వస్తుంది. వసారాలో కట్టెలు నాటి స్టాండు కట్టా, అచ్చం మన పురుగుల మనెలో లాగా. పన్నెండు తట్టలు, వేలు మందాన ఆకు. పొద్దునకు కాడ వంచితే విరగకుండా వంగాలి. సెల్వికి అది తెలియడం లేదు, నాకు చీకట్లో కూడా తెలుస్తోంది. మా అమ్మకు చెప్పు.

రెండుసార్లు మాడింది. ఒకసారి పులిసింది. నాలుగోసారిది నీకు పంపుతున్నా. పొయ్యి మీద పెనంలో సన్నసెగన ఆరబెట్టాం, ఎండ మొహం చూపించలేదు.

పట్టా నా పేరుకు మారింది. దాని నకలు పెట్టి కార్డుకు కూనూరులో అర్జీ ఇచ్చాం, నలుగురం ఒకేసారి. ఫారం నింపిన అమ్మాయి "వృత్తి?" అని అడిగింది. ముప్పై ఏళ్లు కూలి అని రాయించుకున్న నోరు. మళ్లీ అదే రాబోయింది. సెల్వి వెనక నుంచి పొడిచింది. టీ రైతు అన్నా.

మంజునాథకు మరిగించవద్దని చెప్పు. వినడు. అయినా చెప్పు.

హనుమక్క


బాగేపల్లి,
అక్టోబరు 14

చిన్నమ్మా,

వినలేదు.

ఆదివారం పట్టుకుపోయా. పొట్లం చూడగానే "మళ్లీ తెస్తివా కుడితి?" అన్నాడు. బయ్యప్ప తాత బల్ల మీదే ఉన్నాడు. "ఎద్దును తోలుకురాలేదే ఈపొద్దు" అన్నాడు. నేను అరవలేదు. నిజం, నమ్ము. పళ్లు కొరుక్కుని నిలబడ్డా.

"మరిగించొద్దన్నా, చివర్లో వెయ్యి" అన్నా. "నాకే టీ నేర్పిస్తావా? ఇరవై రెండేండ్లుగా కాస్తాండా" అని ముందు తన పొడినే వేసి మరిగించాడు. అది మరిగిపోయాక, నా పోరు పడలేక, పొయ్యి ఆర్పేసి మీ ఆకు గుప్పెడు వేసి మూత పెట్టాడు. మూత తీశాడు. వంగి వాసన చూశాడు. వడగట్టి ముందు తాతకు ఇచ్చాడు.

తాత తాగాడు. గ్లాసు కింద పెట్టలేదు. చేత్తోనే పట్టుకుని, "ఇది ఎద్దుకియ్యను" అన్నాడు.

మంజునాథన్న తానూ తాగి, రెండోసారి పోసుకున్నాడు. అప్పుడు అడిగాడు, "వారానికి రెండు కిలోలు కావాల. ఉండాదా?"

లేదు. నీ పొట్లంలో మిగిలింది గుప్పెడే. నలుగురూ కలిసి వారానికి ఎంత చెయ్యగలరో నాకు తెలియదు, నీకూ తెలియదు. వానలు ఎక్కువైతే ఆకు ఎట్లా వాడుతుందో, కార్డు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అమ్మడానికి ఆహార శాఖలో నమోదు చేయించాలి, దానికి అర్జీ ఫోన్‌లో నిన్ననే వేశా. అయినా నోరు ముందే తెరుచుకుంది. "ఉండాది" అన్నా.

ఆయన గల్లాపెట్టె పక్కన డబ్బా తెరిచి రెండు తమలపాకులు, ఒక వక్క తీసి నా చేతిలో పెట్టాడు. "మాట మాటే కదా పాపా" అన్నాడు. రెండు చేతులా తీసుకున్నా.

మన ఇంట్లో ఒక తాంబూలం వెనక్కి పోయింది. ఇది పోకూడదు. అవ్వ విరిగిన తట్టలకు అంచులు కట్టించి ఇంకో పద్నాలుగు తయారు చేసింది, రేపటి బస్సుకు వేస్తున్నా.

చేతులు కడుక్కుని తట్టల ముందు కూర్చో.

రక్షిత